ఇంకొక్క పిల్లాడే కదా అంటే ఎందుకు ఒప్పుకోరు: ఇంగ్లండ్‌లో రిసెప్షన్ సీటు అప్పీల్ గురించి

(ఏప్రిల్ నెలలో ఒక ఆదివారం, రెడింగ్‌లో తెలుగు కుటుంబాల కలయికలో ఒక తల్లి మాట్లాడినది, రికార్డింగ్ నుంచి రాసుకున్నది)

అందరికీ నమస్కారం అండి. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. పక్క రూములో పిల్లలు ఆడుకుంటున్నారు కాబట్టి కాస్త గోలగా ఉంటుంది, నేను గట్టిగానే మాట్లాడతాను.

మొన్న 16న రిసెప్షన్, అంటే ఇక్కడ పిల్లలు నాలుగేళ్ళు నిండాక చేరే మొదటి క్లాసు, ఆ సీట్ల రిజల్ట్స్ వచ్చాయి కదా, ఆ రోజు నుంచి నా ఫోన్ ఆగలేదండి. అక్కా మా పాపకి అడిగిన మూడు స్కూళ్ళలో ఒక్కటీ రాలేదు, రెండు మైళ్ళ అవతల ఎక్కడో ఇచ్చారు, పేరు కూడా ఎప్పుడూ వినలేదు, ఏం చెయ్యాలి అని. ఒకమ్మాయి అయితే ఫోన్‌లోనే ఏడ్చేసింది. నాకు ఆ ఏడుపు తెలుసు, 2015లో నేనూ అలాగే ఏడ్చాను, అందుకే ఈరోజు పిలవగానే వచ్చాను.

నా గురించి రెండు ముక్కలు. మా అబ్బాయికి రిసెప్షన్‌లో సీటు రాకపోతే మేము అప్పీల్‌కి వెళ్ళాం, ఆ తర్వాత కొన్నేళ్ళకి నేనే వాలంటీర్‌గా, ఇలాంటి అప్పీళ్ళు విని తేల్చే ప్యానెల్‌లో లే మెంబర్‌గా చేరాను, అంటే టీచింగ్‌తో సంబంధం లేని మామూలు మనిషి అన్నమాట, ఆరేళ్ళు చేశాను. ప్యానెల్‌లో విన్న ఏ కుటుంబం కథా ఇక్కడ చెప్పను, అది గోప్యం, అడగొద్దు కూడా. మా సొంత కథ చెప్తాను, రూల్స్ చెప్తాను. చెప్పేదంతా ఇంగ్లండ్ గురించే అండి, స్కాట్లాండ్‌లో పద్ధతి వేరు, అక్కడ మనవాళ్ళు ఉంటే అక్కడివి విడిగా చూసుకోవాలి.

ముందు ఒక మాట. మనం పెరిగిన స్కూళ్ళలో క్లాసుకి అరవై మంది, బెంచీకి నలుగురు, వర్షం వస్తే రెండు క్లాసులు కలిపి కూర్చోబెట్టేవాళ్ళు. అందుకే ఇక్కడ సీటు లేదు అనగానే మనకి మొదట వచ్చే మాట ఏంటంటే, ముప్పైమంది ఉన్నారు, ఇంకొక్క పిల్లాడే కదా, ఓ మూల కూర్చుంటాడు, ఏమైపోతుంది అని. నేను కూడా ఇదే రాశాను మా అప్పీల్‌లో. ఈ ఒక్క వాక్యం దగ్గరే మనవాళ్ళ అప్పీళ్ళు చాలావరకు మునిగిపోతాయి, ఎందుకంటే ఆ ముప్పై అనేది హెడ్ టీచర్ ఇష్టం కాదు, చట్టం. 1998లో వచ్చిన స్కూల్ స్టాండర్డ్స్ అండ్ ఫ్రేమ్‌వర్క్ యాక్ట్ ప్రకారం రిసెప్షన్, ఇయర్ వన్, ఇయర్ టూ, ఈ మూడు క్లాసుల్లో ఒక క్వాలిఫైడ్ టీచర్‌కి ముప్పైమందికి మించి పిల్లలు ఉండకూడదు. టీచింగ్ అసిస్టెంట్లు ఇద్దరున్నారు కదా అంటారు, వాళ్ళు లెక్కలోకి రారు. క్లాస్‌రూమ్ చాలా పెద్దది నేను చూశాను అంటారు, గది సైజు కూడా లెక్కలోకి రాదు.

దీన్నే ఇన్ఫంట్ క్లాస్ సైజ్ అప్పీల్ అంటారు. మీ కేసు ఇదా కాదా అన్నది అన్నిటికంటే ముందు తేల్చుకోవాలి, ఎందుకంటే ఇది అయితే ఒక దారి, కాకపోతే పూర్తిగా ఇంకో దారి. ఎలా తెలుస్తుందంటే స్కూలుకి పాన్ అని ఒక నంబర్ ఉంటుంది, ఏడాదికి ఇంతమందిని తీసుకుంటాం అని ముందే ప్రకటించే సంఖ్య. అది 30, 60, 90 అయితే దాదాపుగా ఇన్ఫంట్ క్లాస్ సైజే. 45 ఉంటే చూసి వదిలెయ్యకండి, చాలా స్కూళ్ళు రెండేళ్ళ పిల్లల్ని కలిపి మూడు క్లాసులు చేస్తాయి, 45 ప్లస్ 45 తొంభై, మూడు ముప్పైలు, అంటే అక్కడా ఒక్కరు పెరిగితే లిమిట్ దాటుతుంది. రిసెప్షన్‌లో దాటకపోయినా ఇయర్ వన్‌లో క్లాసులు కలిపినప్పుడు దాటుతుంది అని స్కూలు చూపించినా అది కూడా చెల్లుతుంది. అదే పాన్ 28 అనుకోండి, క్లాసులు కలపరు అనుకోండి, మీ పిల్లాడు చేరితే 29, చట్టం దాటదు. అప్పుడు అది మామూలు అప్పీల్. అక్కడ ప్యానెల్ త్రాసులో పెట్టి చూస్తుంది, ఈ పిల్లాడిని తీసుకుంటే స్కూలుకి ఎంత కష్టం, తీసుకోకపోతే పిల్లాడికి ఎంత నష్టం అని. అక్కడ మీ కథకి విలువ ఉంటుంది, డాక్టర్ లెటర్‌కి విలువ ఉంటుంది, ఆ స్కూల్లోనే ఉన్న ఫలానా సదుపాయం మా బిడ్డకి ఎందుకు కావాలి అన్నదానికి విలువ ఉంటుంది.

ఇన్ఫంట్ క్లాస్ సైజ్‌లో మాత్రం ప్యానెల్ చేతులు కట్టేసి ఉంటాయండి. నేను ఆ కుర్చీలో కూర్చున్నదాన్ని కాబట్టి చెప్తున్నాను. ఎదురుగా తల్లి కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ ఉంటే మనకీ కడుపులో దేవినట్టు ఉంటుంది, కానీ మేము చూడగలిగేవి మూడే. ఒకటి, ఇంకొకరిని తీసుకున్నా నిజంగా లిమిట్ దాటదా. రెండు, అడ్మిషన్ రూల్స్, అంటే ఎవరికి ముందు సీటు ఇవ్వాలో చెప్పే రూల్స్, చట్టానికి విరుద్ధంగా ఉన్నాయా, లేక రూల్స్ బాగానే ఉన్నా మీ దగ్గర తప్పుగా వాడారా, ఆ తప్పు జరక్కపోతే మీ బిడ్డకి సీటు వచ్చేదేనా. మూడు, ఆ నిర్ణయం ఏ బుర్ర ఉన్న అధికారీ తీసుకోనంత అన్యాయంగా ఉందా. ఈ మూడోది వినడానికి మనకి అనుకూలంగా అనిపిస్తుంది, అన్యాయమే కదా జరిగింది అనుకుంటాం, కానీ దాని గడప చాలా ఎత్తు. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం, కారు లేదు, అమ్మానాన్నలు ఇండియాలో ఉన్నారు చూసుకునేవాళ్ళు లేరు, నర్సరీ ఫ్రెండ్స్ అందరూ అక్కడికే వెళ్తున్నారు, ఇవన్నీ నిజమైన కష్టాలే, కానీ ఇవి ఆ గడప దాటవు. అందుకే ఇన్ఫంట్ క్లాస్ సైజ్ అప్పీళ్ళు గెలిచేవి చాలా తక్కువ. ఇది మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పట్లేదు, శక్తి ఎక్కడ పెట్టాలో తెలియాలని.

శక్తి పెట్టాల్సింది రెండో దాని మీద. తప్పు వెతకడం మీద.

ఇప్పుడు మా కథ చెప్తాను. అప్పట్లో లండన్ అంచున ఉండేవాళ్ళం, ఇక్కడ కాదు. నవంబర్‌లో అప్లికేషన్ పెట్టాం, అప్పుడు ఒక ఫ్లాట్‌లో ఉన్నాం. డిసెంబర్‌లో ఇల్లు మారాం, మారింది కూడా స్కూలు కోసం కాదు, పాత ఇంట్లో గోడలకి చెమ్మ వచ్చి పిల్లాడికి దగ్గు తగ్గట్లేదని. కొత్త ఇంటి అగ్రిమెంట్, కౌన్సిల్ ట్యాక్స్ కాగితం జనవరి 15 లోపే పంపాం, అందింది అని మెయిల్ కూడా వచ్చింది. ఏప్రిల్ 16 పొద్దున చూస్తే 2.7 మైళ్ళ దూరంలో స్కూలు. మేము అడిగిన స్కూలు ఇంటి నుంచి నడిస్తే ఏడు నిమిషాలు, కిటికీ తెరిస్తే ప్లేటైమ్‌లో పిల్లల అరుపులు వినపడేవి. మా ఆయన ఆ రాత్రే మూడు పేజీల అప్పీల్ రాశారు, చాలా బాగా రాశారు, చదివితే నాకే ఏడుపొచ్చింది.

పక్కింట్లో ఒక పెద్దావిడ ఉండేది, టీచర్‌గా రిటైర్ అయింది, పేరు చెప్పను. మేము ఆ మూడు పేజీలు చూపిస్తే చదివి పక్కన పెట్టేసి, కౌన్సిల్ వాళ్ళ లెటర్ చూపించమంది. అందులో కింద చిన్న అక్షరాల్లో ఉంది, మీ దూరం 1.31 మైళ్ళు, చివరి సీటు ఇచ్చిన పిల్లాడి దూరం 0.62 మైళ్ళు అని. ఇల్లు దగ్గరున్నవాళ్ళకి ముందు సీటు ఇస్తారన్నమాట. ఆవిడ కళ్ళజోడు తీసి, మీ ఇల్లు మైలుకి పైగా దూరంలో ఉందా అమ్మా, నేను ఈ స్కూలుకి నడిచి వెళ్ళేదాన్నే ఇరవై ఏళ్ళు, అంది. అప్పుడు వెలిగిందండి. ఆ 1.31 పాత ఫ్లాట్ దూరం. మేము కాగితాలు పంపాం, వాళ్ళు అందింది అన్నారు, కానీ సిస్టమ్‌లో అడ్రస్ మార్చలేదు. కొత్త ఇంటి నుంచి వాళ్ళ పద్ధతిలోనే కొలిస్తే 0.34.

ఫోన్ చేస్తే మీరు లేటుగా పంపారు అన్నారు. మెయిల్ తేదీ చూపిస్తే అప్పీల్‌లో చెప్పుకోండి అన్నారు. సరే అని మూడు పేజీలు పక్కన పెట్టి ఒక పేజీ రాశాం. ఫలానా తేదీన పంపాం, ఫలానా తేదీన అందిందన్నారు, మీ రూల్‌లో అడ్రస్ మార్పు ఫలానా తేదీ వరకు తీసుకుంటామని రాసి ఉంది, మా అసలు దూరం ఇది, చివరి సీటు దూరం ఇది, కాబట్టి సీటు మాకు రావాల్సింది. అంతే. హియరింగ్ అరగంట కూడా పట్టలేదు. వారం లోపు లెటర్ వచ్చింది, సీటు ఇచ్చారు. మా అబ్బాయి ఆ క్లాసులో ముప్పై ఒకటోవాడు. అలా తప్పు వల్ల చేరినవాళ్ళని ఎక్సెప్టెడ్ ప్యూపిల్ అంటారు, వాళ్ళ వల్ల ముప్పై దాటినా చట్టం ఒప్పుకుంటుంది. ఇప్పుడు వాడు ఇయర్ టెన్. ఆ పెద్దావిడ పోయింది పాపం. ఇప్పటికీ ఏ లెటర్ వచ్చినా కింద చిన్న అక్షరాలు ముందు చదువుతాను.

కాబట్టి మీరు ఇంటికెళ్ళగానే చెయ్యాల్సింది ఏంటంటే కౌన్సిల్‌కి, లేదా స్కూలే అడ్మిషన్ అథారిటీ, అంటే సీట్లు ఎవరికో తేల్చేది స్కూలే అయితే స్కూలుకి, మెయిల్ రాయాలి. అకాడమీలు, అంటే కౌన్సిల్ చేతిలో లేని ప్రభుత్వ నిధుల స్కూళ్ళు, వాలంటరీ ఎయిడెడ్ చర్చి స్కూళ్ళు సొంతంగా చూసుకుంటాయి, కమ్యూనిటీ స్కూళ్ళకి కౌన్సిలే. మా బిడ్డని ఏ కేటగిరీలో, అంటే సీట్లిచ్చే వరసలో ఏ గుంపులో పెట్టారు, ఏ అడ్రస్ నుంచి కొలిచారు, దూరం ఎంత వచ్చింది, ఒక్కో కేటగిరీలో ఎంతమందికి ఇచ్చారు, చివరి సీటు ఎంత దూరానికి పోయింది. అప్పీల్ తయారు చేసుకోవడానికి ఇలా సమంజసంగా అడిగిన సమాచారం వాళ్ళు ఇవ్వాలి, అప్పీళ్ళకి ప్రభుత్వం పెట్టిన నిబంధనలు, అప్పీల్స్ కోడ్ అంటారు, అందులోనే ఉంది. దూరం కొలిచే పద్ధతి ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, కొన్ని చోట్ల మ్యాప్ మీద సూటి గీత, కొన్ని చోట్ల నడిచే దారి, కొన్ని స్కూలు గేటు వరకు కొలుస్తాయి, కొన్ని బిల్డింగ్ మధ్య వరకు. గూగుల్ మ్యాప్‌లో కొలిచి తేడా ఉంది అని వెళ్ళకండి, వాళ్ళ పాలసీలో ఏం రాశారో దాని ప్రకారం తేడా ఉంటేనే అది తప్పు.

మనవాళ్ళలో నేను ఎక్కువగా చూసే ఇంకొన్ని చెప్తాను. అన్నో అక్కో ఆల్రెడీ అదే స్కూల్లో ఉన్నా అప్లికేషన్‌లో సిబ్లింగ్ వివరాలు నింపకపోవడం. చర్చి స్కూలుకి అప్లై చేసి సప్లిమెంటరీ ఫారం విడిగా ఇవ్వకపోవడం, గుంటూరు నుంచి వచ్చిన మా ఫ్రెండ్ వాళ్ళది తరతరాల క్యాథలిక్ కుటుంబం, ప్రతి ఆదివారం మాస్‌కి వెళ్తారు, కానీ ఫాదర్ సంతకం చేసిన ఆ ఒక్క కాగితం పంపలేదు, దాంతో మామూలు కేటగిరీలో పడ్డారు. ఇది కౌన్సిల్ తప్పు కాదు, మన తప్పు, అప్పీల్‌లో నిలబడదు, అందుకే వచ్చే ఏడాది అప్లై చేసేవాళ్ళు ఇప్పుడే రాసుకోండి. కవలల విషయం, ఒకరికి ముప్పయ్యో సీటు వచ్చి ఇంకొకరికి రాలేదంటే ఊరుకోవద్దు, కవలలు ఆ ఎక్సెప్టెడ్ లిస్టులో ఉన్నారు. ఇంకోటి, ఇక్కడ ఎవరైనా ఇండియాలో శిశుగృహ నుంచి బిడ్డని దత్తత తెచ్చుకుని ఉంటే వినండి, 2021 అడ్మిషన్స్ కోడ్ నుంచి విదేశాల్లో ప్రభుత్వ సంరక్షణలో ఉండి దత్తత అయిన పిల్లలకి కూడా ఇక్కడి కేర్‌లో ఉన్న పిల్లలతో సమానంగా మొట్టమొదటి ప్రాధాన్యం ఉంది. ఆధారాలు అడుగుతారు, ఇవ్వండి. ఈ సంగతి తెలియక మామూలు కేటగిరీలో అప్లై చేసేవాళ్ళు ఉంటారు, మనసు చివుక్కుమంటుంది.

మధ్యలో ఉద్యోగం మారి వచ్చేవాళ్ళు, ఇయర్ వన్, ఇయర్ టూ పిల్లలతో, మనలో చాలామంది అంతే కదా. మీది ఇన్-ఇయర్ అప్లికేషన్. చుట్టుపక్కల సమంజసమైన దూరంలో ఏ స్కూల్లోనూ ఖాళీ లేదంటే అలాంటి పిల్లల్ని కూడా ముప్పై దాటి తీసుకోవచ్చు, అదీ ఎక్సెప్షనే. వీసా చూసి సీటు కాదనడానికి వీల్లేదు.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తాను, కోపం తెచ్చుకోకండి. స్కూలు పక్కన రెండు నెలలకి ఒక గది అద్దెకి తీసుకోవడం, బాబాయ్ వాళ్ళ అడ్రస్ వెయ్యడం, ఇవి చెయ్యొద్దు. కనిపెడితే ఇచ్చిన సీటు వెనక్కి తీసుకుంటారు. అంతకన్నా ముఖ్యం, ఆ సీటు దూరం లెక్కలో నిజంగా రావాల్సిన ఇంకో బిడ్డది. మా అబ్బాయి సీటు పొరపాటున పోయినప్పుడు నేను పడ్డ బాధ ఇంకో తల్లికి కావాలని పెట్టడం నాకు మనసొప్పదు.

టైములు చెప్తాను. రిజల్ట్ వచ్చాక అప్పీల్ వెయ్యడానికి కనీసం 20 స్కూల్ రోజులు ఇవ్వాలి, స్కూల్ రోజులు అంటే శనాదివారాలు, సెలవులు తీసేసి. ఆ గడువు అయిన 40 స్కూల్ రోజుల్లోపు హియరింగ్ జరగాలి, అంటే మామూలుగా జూన్, జూలైలో. హియరింగ్ తేదీ కనీసం 10 స్కూల్ రోజులు ముందు చెప్పాలి. నిర్ణయం వీలైతే 5 స్కూల్ రోజుల్లో పంపుతారు. మీ కాగితాలన్నీ క్లర్క్ చెప్పిన తేదీలోపు పంపండి, ఆ రోజు చేతిలో పట్టుకెళ్ళినవి చూడకపోవచ్చు.

హియరింగ్ గదిలో ఎలా ఉంటుందో చెప్తే సగం భయం పోతుంది. కోర్టు కాదండి. ముగ్గురు ప్యానెల్ మెంబర్లు, స్కూలుతో సంబంధం లేనివాళ్ళు, కనీసం ఒకరు లే మెంబర్, కనీసం ఒకరు చదువుల రంగం తెలిసినవాళ్ళు. పక్కన క్లర్క్, నోట్స్ రాసుకుంటూ రూల్స్ చెప్తారు, నిర్ణయంలో వాళ్ళకి ఓటు లేదు. ఎదురుగా కౌన్సిల్ తరఫునో స్కూలు తరఫునో ఒకరు. ముందు వాళ్ళు చెప్తారు, మీరు ప్రశ్నలు అడగొచ్చు, తప్పకుండా అడగండి, మనవాళ్ళు మర్యాద అనుకుని అసలు అడగరు. తర్వాత మీరు చెప్తారు, ప్యానెల్ అడుగుతుంది, చివర్లో ఇద్దరూ క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 2022లో కోడ్ మార్చాక వీడియోలో కూడా పెట్టొచ్చు, చాలా చోట్ల అదే నడుస్తోంది. ఫ్రెండ్‌ని తోడు తీసుకెళ్ళొచ్చు. ఇంగ్లీష్‌లో ఇబ్బంది అనిపిస్తే ఇంటర్‌ప్రెటర్ సంగతి క్లర్క్‌ని ముందే అడగండి, సిగ్గుపడొద్దు. ఇచ్చిన స్కూలుని తిట్టొద్దు, అడిగిన స్కూలు మీద ఆఫ్‌స్టెడ్, అంటే స్కూళ్ళని తనిఖీ చేసే సంస్థ, ఇచ్చిన రిపోర్ట్ చదివి వినిపించొద్దు, దాని వల్ల ఒక్క గింజంత బరువు కూడా పెరగదు.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(ఒకాయన: ఇచ్చిన స్కూలు వద్దు అని చెప్తే ఇంకోటి చూపిస్తారా అక్కా? ఒప్పుకుంటే అప్పీల్ పోతుందేమో అని మేము యాక్సెప్ట్ నొక్కలేదు.)

తమ్ముడూ, ఈరోజే నొక్కెయ్. ఇచ్చినది ఒప్పుకున్నంత మాత్రాన అప్పీల్ పోదు, వెయిటింగ్ లిస్ట్ పోదు. వద్దంటే మాత్రం ఆ సీటు వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు, సెప్టెంబర్‌లో చేతిలో ఏమీ ఉండదు. వెయిటింగ్ లిస్ట్ కనీసం డిసెంబర్ 31 వరకు ఉంచాలి, నిజం చెప్పాలంటే అప్పీల్ కంటే వెయిటింగ్ లిస్ట్ వల్ల సీటు వచ్చినవాళ్ళనే నేను ఎక్కువ చూశాను, ప్రైవేట్‌కి వెళ్ళేవాళ్ళు, ఊరు మారేవాళ్ళు ఉంటారు. కానీ ఒకటి, అది క్యూ కాదు. మూడో నంబర్ అన్నారు ఇప్పుడు అయిదు అంటున్నారు, మోసం అని ఒకాయన నాతో గొడవ. మీకన్నా దగ్గరగా ఇల్లు తీసుకున్నవాళ్ళు కొత్తగా చేరితే మీరు కిందకి దిగుతారు, కొత్త పేరు వచ్చిన ప్రతిసారీ రూల్ ప్రకారం మళ్ళీ వరసలో పెట్టాలి.

(ఒకావిడ: లాయర్‌ని పెట్టుకోవాలా అండి? ఎవరో డబ్బులిస్తే గెలిపిస్తామంటున్నారు.)

గెలిపిస్తాం అని ఎవరూ అనలేరమ్మా. అప్పీల్‌కి ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. మీ లెటర్, మీ మెయిల్స్, వాళ్ళ పాలసీ, ఈ మూడూ పక్కపక్కన పెట్టుకుని కూర్చుంటే మీకే తెలుస్తుంది. ఓడిపోతే అదే ఏడాది అదే స్కూలుకి మళ్ళీ వెయ్యలేరు, పరిస్థితి బాగా మారితే తప్ప. విచారణ జరిపిన పద్ధతిలో తప్పుంటే కంప్లైంట్ చెయ్యొచ్చు, కౌన్సిల్ స్కూళ్ళకి ఆంబుడ్స్‌మన్, అంటే ఫిర్యాదులు చూసే స్వతంత్ర సంస్థ ఉంది, కానీ వాళ్ళు సీటు ఇప్పించరు, మళ్ళీ విచారించమనొచ్చు.

(వెనకనుంచి ఇంకొకావిడ: అక్కా, మా లెటర్‌లో దూరమే రాయలేదు. సీట్లు నిండిపోయాయి అని ఒక్క లైను.)

అయితే మీదే ముందు చెయ్యాల్సిన పని. అప్పీల్ ఇప్పుడే రాయకు, ఇంకా టైముంది. అప్లికేషన్ వేసేటప్పుడు వచ్చిన కన్ఫర్మేషన్ మెయిల్ ఉంటుంది కదా, అది తీసి అందులో మీ ఇంటి నంబర్, ఫ్లాట్ నంబర్, పోస్ట్‌కోడ్ ఒక్కో అక్షరం చూడు. తర్వాత ఇందాక చెప్పిన ప్రశ్నలన్నీ మెయిల్‌లో రాసి ఈ రాత్రికే పంపు, ఫోన్ చెయ్యకు, రాతలో ఉండాలి. వాళ్ళ జవాబు వచ్చాక నాకు ఫోన్ చెయ్, ఇద్దరం కూర్చుని కొలుద్దాం.